తునికాకు చద్దరు

నర్సయ్య గీసిన ఆకు తనంతట తాను చెడిపోలేదు. నేను చెడగొట్టాను. తెలిసి, చేతులారా.

ఈ మాట ఏళ్ల తరబడి గొంతులో పత్తి ఉండలా ఇరుక్కుని ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు అక్కర్లేదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

మాది సోలాపూర్. చద్దర్లు నేసే కార్ఖానాలో నేను జాబర్ని. మగ్గాలు బిగించడం, డిజైన్లకు అట్టలు కొట్టడం నా పని. అట్టలో చిల్లు పడ్డచోట దారం లేస్తుంది, పడనిచోట లేవదు. ఆ అట్టల దండ ఎలా చెబితే చద్దరు మీద పువ్వు అలా పడుతుంది. నేను బడి మొహం చూడలేదు. దుకాణాల బోర్డులు చూసి అక్షరాలు, పాత అట్టలు తిప్పి తిప్పి ఈ విద్య, రెండూ సొంతంగా నేర్చుకున్నాను. కుర్రతనంలో ఒకసారి, అంచు కాస్త మారిస్తే బాగుంటుందని పెద్ద సేటుతో అన్నాను. చెంప పగిలింది. ఆ దెబ్బ ఇప్పటికీ మండుతుంది.

పెద్ద సేటు పోయాక కొడుకు గద్దెనెక్కాడు. సరుకు కదలడం లేదు. ఒక పొద్దున మగ్గాలన్నీ ఆపించి అందరినీ పిలిచాడు.

“గదే కమలం పువ్వు ఎన్నొద్దులు నేస్తం? కొత్తది మీరే చెప్పుండ్రి. ఎవ్వలు చెప్పినా సరే, ఒక మగ్గం ఇడిచిపెడ్త. మంచిగుంటే గదే నేద్దం.”

అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు, నర్సయ్య తప్ప. నోరున్న నేతగాడు. మగ్గాల మోతను మించి పాడేవాడు. అతని భార్య బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో బీడీలు చుట్టేది. కొలత రేకు పెట్టి తునికాకు కత్తిరించాక చుట్టూ ముక్కలు రాలతాయి కదా, ఊడ్చి పారేసేవి, మర్నాడు వాటినే గళ్ల కాగితం మీద గీసుకొచ్చాడు. ఒకటి ఉన్నట్టు ఇంకొకటి లేదు.

“జాబర్ మామా, నీ కమలానికి పండ్లూడినయ్. ఇగ దానికి పించిను ఇచ్చి ఇంటికి తోలు!”

కార్ఖానా అంతా నవ్వింది. నేనూ నవ్వాను.

బొమ్మ బాగుంది. చూడగానే తెలిసిపోయింది. మంట అక్కడే పుట్టింది. ఎందుకు? నేను అడగకుండా చెప్పి చెంపదెబ్బ తిన్న చోట, వాణ్ని పిలిచి మరీ అడిగారనా? ఎవడు పడితే వాడు పువ్వు గీసేస్తే ఇక జాబరెందుకన్న భయమా? ఒకరోజు తప్పును పెద్ద సేటు చేతి మీదికి తోస్తాను, ఒకరోజు నర్సయ్య నోటి మీదికి తోస్తాను, కానీ ఎన్ని తిప్పలు పడ్డా చివరికి చిల్లులు కొట్టిన చెయ్యి నాదే అవుతుంది.

అతని బొమ్మకు అట్టలు కొట్టేటప్పుడు, చిల్లు కొట్టాల్సినచోట కొట్టలేదు. అక్కర్లేనిచోట కొట్టాను.

సేటూ, కొనుగోలుకు వచ్చిన వ్యాపారీ నిలబడి చూస్తుండగా చద్దరు దిగింది. ఎలుకలు కొరికిన గోనెసంచిలా ఉంది. వ్యాపారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు.

“ఏంది జాబర్ ఇది?” అన్నాడు సేటు.

“గీతనే వంకర, సేట్. మగ్గానికి పట్టే బొమ్మ కాదు.”

“బస్. ఇగ ఎవ్వలు డోకా నడపకుండ్రి. చేతులు నడపుండ్రి, చాలు.” డోకా అంటే మా ఊరి మాటలో తలకాయ.

నర్సయ్య కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అట్టలు చదవడం అతనికి రాదు. నా మాట నమ్మాడు. ఆ రోజు నుంచి పాట ఆగింది. అతనొక్కడిదేనా? ఆ తర్వాత మా కార్ఖానాలో ఎవరూ నోరు తెరిచి ఇలా చేద్దామని అనలేదు. కొనేవాడు లేకపోయేదాకా ఆ కమలమే నేశాం. ఆఖరికి మగ్గాలు తుక్కు కింద పోయాయి. తప్పు బజారుదన్నారు. నేనూ తలూపాను.

మొన్న అశోక్ చౌక్ దగ్గరి హాల్లో మగ్గాల యజమానులకు మీటింగు పెట్టారు. పాతవాణ్నని నన్నూ పిలిచారు. కోటు వేసుకున్న ఒకాయన తెర మీద బొమ్మలు చూపిస్తూ, పనివాళ్ల ఆలోచన అడగండి, స్వేచ్ఛ ఇవ్వండి, వ్యాపారం దానంతటదే లేస్తుంది అన్నాడు. ఒళ్లు మండింది. ఇదేదో నువ్వు కనిపెట్టావా నాయనా? మా చిన్న సేటు ఎప్పుడో అడిగాడు! అడిగితే సరిపోతుందా? చెప్పినవాడి బొమ్మ మగ్గం దాకా పోయే దారిలో ఎవడు కూర్చున్నాడో చూడొద్దా? అరుద్దామని లేచాను. లేచి, నిలబడిపోయాను. ఆ దారిలో కూర్చున్నది నేను.

మర్నాడు ఆటో ఎక్కి విడీ ఘర్కుల్ పోయాను. నర్సయ్య గడప మీద ఉన్నాడు. నా గొంతు విని గుర్తుపట్టాడు, చూపు ఆనడం లేదు. లోపలికి రమ్మన్నాడు. నేను బయటే నిలబడి చెప్పాను. అట్టలు, చిల్లులు, అంతా. క్షమించమని అడగలేదు. అడిగే మొహం లేదు. గొంతులోని ఉండ మాత్రం కదిలింది. తిడతాడని కాచుకున్నాను. తిడితే బాగుండేది.

వేళ్లతో గడప మీద ఏదో గీస్తూ అడిగాడు.

“నా డోకల్నే వంకర ఉన్నదనుకుంటి గదా మామా, ఇన్నేండ్లు. అంటే... నా ఆకు మంచిగనే ఉండెనా?”