కొసరు తీగ

అక్క మెళ్లో గొలుసు తెగి పడిపోయిన సంగతి మైపాడు సముద్రతీరం నుంచి ఆటోలో సగం దూరం వచ్చాక తెలిసింది. బావ పోయిన తర్వాత ఆయన పెళ్లి ఉంగరాన్ని అక్క ఆ గొలుసుకు ఎక్కించి వేసుకునేది. ఆ మధ్యాహ్నం చర్చి వాళ్లతో కలిసి సరుగుడు చెట్ల కింద చాపలు వేసుకుని అన్నాలు తిన్నాం. ఆటో వెనక్కి తిప్పించి, వెలుగు ఉన్నంత సేపూ ఇసుక చేత్తో కెలికాం. ఏమీ దొరకలేదు. అమావాస్య పోటుకు నీళ్లు చెట్ల దాకా వస్తాయని అక్కడ చేపలు పట్టే పల్లెకారులు చెప్పారు. అమావాస్య దగ్గర్లోనే ఉంది.

ముత్తుకూరులో పాత సామాన్ల కొట్టు ఒకటుంది. అక్కడ మెటల్ డిటెక్టర్ ఉందని తెలిసి పోయాను. మా నాన్నది బట్టల కొట్టు. బేరం ఆడకుండా కొన్న వస్తువు నాకు ఇంట్లో ఇమడదు. ఉంగరం సంగతి చెప్పి ధర తగ్గించాక బ్యాటరీలు అడిగాను, బ్యాటరీలు వచ్చాక ఇయర్‌ఫోన్లు అడిగాను.

"నీ బేరం చూస్తా ఉంటే ఉంగరమే భయపడి బయటికొచ్చేటట్టుందన్నా," అన్నాడు కొట్టతను. డబ్బు లోపల పెట్టుకున్నాక మాత్రం నవ్వలేదు. "ఒకటే మాట. ఆ కాయిల్ తీగ జోలికి పోబాక. కోసినావంటే మళ్లా నా కాడికి రాబాక."

కోసిన గుడ్డ వాపసు తీసుకోబడదని మా కొట్లోనూ బోర్డు ఉండేది. ఇదీ అలాంటి మాటే అనుకున్నాను. పైగా, అమ్మేవాడు దేన్ని ముట్టుకోవద్దంటాడో అక్కడే ఏదో మతలబు ఉంటుందని నా పెంపకం.

మర్నాడు తీరంలో ఆ యంత్రం నన్ను ఏడిపించింది. కడ్డీ చివర పళ్లెం లాంటి కాయిల్, దాని నుంచి పైనున్న పెట్టెకు తీగ. తీగ అవసరానికి మించి పొడవు. కడ్డీకి చుట్టిన చుట్లు వదులై, నేను ఊపినప్పుడల్లా కొట్టుకునేవి. కొట్టుకున్నప్పుడల్లా యంత్రం కీచుమనేది. కీచుమన్న ప్రతిచోటా అక్క మోకాళ్ల మీద కూర్చుని తవ్వేది. సోడా మూత, తుప్పు మేకు, ఎక్కువసార్లు ఉత్త ఇసుక. ఆమె తల ఎత్తినప్పుడల్లా ఆ ముఖం చూడలేకపోయాను.

గుడ్డ కొలిచాక పైన వదిలే బెత్తెడును మేము కొసరు అంటాం. ఆ వేలాడే తీగ నా కంటికి అచ్చంగా కొసరులాగే కనపడింది. ఇంటికి రాగానే కోసేశాను. ఏ రంగు తీగను ఆ రంగు తీగకు కలిపి, టంకం వేసి, టేపు చుట్టాను. పొందికగా, ముచ్చటగా ఉంది. ఆన్ చేసి ఎంత ఊపినా చప్పుడు లేదు.

"చూసినావా అక్కా, నోరు మూసుకునింది."

"నోరు మూసుకునేదానికా కొన్నావు?" అంది అక్క. వేలికున్న చిన్న ఉంగరం తీసి, గేటు పక్కనున్న ఇసుక కుప్పలో గుచ్చింది. "ఇప్పుడు పట్టించు."

పట్టించలేదు. సుత్తి పెడితే అరిచింది. బంగారం మీద పళ్లెం ఎన్నిసార్లు తిప్పినా ఉలకలేదు. చివరికి పిండి జల్లెడ తెచ్చి ఇసుకంతా జల్లించి ఆ ఉంగరం తీయాల్సి వచ్చింది.

"ఉన్నదాన్ని గూడా పోగొట్టేదాకా నీకు నిద్ర పట్టదా నాయనా?"

కొట్టతనికి ఫోన్ చేశాను. నేను నోరు తెరవకముందే, "కోసినావా?" అన్నాడు.

"కొసరు తీగే గదా అని..."

"కొసరెట్టవుతుందన్నా? తీగ పొడుగును బట్టే లోపల శ్రుతి చేసుంటారు. అది కొలతలోదే."

మా ఇళ్లల్లో ముక్క గుడ్డ పారేయరు. కోసిన తీగ ముక్క కూడా నా దగ్గరే ఉంది. మళ్లీ అతికించి, కడ్డీకి బిగుతుగా చుట్టి, కదలకుండా టేపు వేశాను. మొదటి రోజే ఆ చుట్లు బిగించి ఉంటే కత్తెరతో పనే ఉండేది కాదు. అతుకులు రెండయ్యాయి, గొంతు తగ్గింది. అక్క ఉంగరానికి మాత్రం పలికింది, అదీ బాగా దగ్గరికి పోతేనే.

మళ్లీ తీరానికి చేరేసరికి అమావాస్య వచ్చేసింది. మేము చాపలు పరిచిన చోటు సగం కోసుకుపోయి, సరుగుడు వేళ్లు బయటపడ్డాయి. ఆ వేళ్ల దగ్గర యంత్రం సన్నగా కుయ్యిమంది. అక్క తవ్వింది. ఆకుల చెత్తలో చిక్కుకుని గొలుసు దొరికింది. దాని చివర ఏమీ లేదు.

ఇసుక తుడిచి గొలుసును అరచేతిలో పెట్టుకుని అక్క నావైపు చూసింది. "కొసరు దొరికిందిరా. అసలేది?"

అల వచ్చి మా పాదాలు ముంచింది.

"ఆ పక్క ఇంకోసారి తిప్పు," అంది.

"తడి ఇసకక్కా. ఉప్పునీళ్లకు ఊరకనే అరస్తది."

"అరస్తే అరవనీ. తవ్వేది నేను గదా."

చీర కుచ్చిళ్లు దోపుకుని ఆమె నీళ్లలోనే మోకాళ్ల మీద కూర్చుంది. నేను తిప్పాను. అది అరిచింది.