కుండలో గొర్రె బొచ్చు

మా ఇంట్లో ఆదివారం మధ్యాహ్నం ఊరికే అన్నం పెట్టేవాళ్లు కాదు. కంచాల ముందు కూర్చున్నాక, బైబిల్లో ఉన్నదేదైనా ఆ వారంలో ఊళ్లో కళ్లారా చూసి ఉంటే చెప్పాలి. ఆ పద్ధతి పెట్టింది మా నాన్న. పుంగనూరు మిషన్ బడిలో పంతులాయన. వాక్యాన్ని పుస్తకంలోనే ఉంచేస్తే చెదలు పడుతుందని ఆయన నమ్మకం. అమ్మ బైబిలు స్త్రీ, అంటే ఇంటింటికీ తిరిగి ఆడవాళ్లకు వాక్యం చదివి వినిపించడం ఆమె పని. ఎండలో నడిచి నడిచి ఆకలి మీద ఉండేది కాబట్టి తన వంతు ఒక్క మాటలో ముగించేది. నేను మాత్రం ఒక పట్టాన ముగించేదాన్ని కాదు. ఒక్కతే కూతురిని, పైగా నోరు ఎక్కువ.

ప్రతిదీ తేల్చుకుంటే గానీ నాకు నిద్ర పట్టేది కాదు. ఆవగింజ చెట్టై పక్షులు వచ్చి వాలాయని విన్నాక, పోపుల డబ్బాలోంచి ఆవాలు తీసి పెరట్లో చల్లాను. మొక్క నా మోకాలి దాకా వచ్చి, పూసి, ఎండిపోయింది. పక్షి మాట దేవుడెరుగు, సీతాకోకచిలుక వాలితేనే వంగిపోయేది. ఆ దేశపు ఆవాలు వేరేమో అన్నాడు నాన్న. విత్తువాడి కథ అయితే అసలు మింగుడు పడలేదు. మా వైపు గొర్రు కట్టి విత్తుతారు, గింజ సాలులో తప్ప ఇంకో చోట పడదు. దారి మీదా రాళ్ల మీదా చల్లుకుంటూ పోయే మనిషికి సేద్యం నేర్పింది ఎవరని అడిగాను. నాన్న చాలాసేపు నవ్వి, "ఆయన చెయ్యి ధారాళం పాపా" అన్నాడు. మదనపల్లెకు పోయినప్పుడు కనిపించే హార్స్లీ కొండే, దేవుడు మోషేకు పది ఆజ్ఞలిచ్చిన సీనాయి కొండ అనుకున్న రోజులు కూడా ఉన్నాయి.

ఇట్లాంటి దాన్ని కాబట్టే కుండ సంగతి నన్ను అంతగా పట్టుకుంది.

అవి యుద్ధం రోజులు. బస్సులు బొగ్గుతో నడిచేవి, ఎక్కడ ఆగితే అక్కడే ఊరు. దానికి తోడు ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. మా సంఘంలో ఆడవాళ్లకు ఒక అలవాటు ఉండేది. వంటకు గింజలు తీసేటప్పుడు ముందుగా ఒక పిడికెడు దేవుడి పేర పక్కన వేసేవాళ్లు. పిడికెడు బియ్యం అనేది పేరుకే. మా వైపు బియ్యం పండగనాటి మాట, మామూలు రోజుల్లో వేసేవి రాగులే. ఆ గింజలన్నీ తెచ్చి మా వసారా మూలనున్న పెద్ద కుండలో పోసేవాళ్లు. నిండాక మూట కట్టి బస్సు మీద మదనపల్లె మిషన్ ఆసుపత్రికి పంపేవాళ్లం. పల్లెల నుంచి వచ్చిన బీద రోగులకూ, వాళ్లకు తోడు వచ్చినవాళ్లకూ అక్కడ వాటితో గంజి కాచేవాళ్లు.

కరువు ముదిరేకొద్దీ పిడికిళ్లు చిన్నవయ్యాయి. కొందరు సిగ్గుపడుతూ ఉత్త చేతులతో వచ్చేవాళ్లు. అయినా కుండ తగ్గలేదు. పైగా, పోసినదానికంటే ఎక్కువే ఉంటోందని అమ్మ కనిపెట్టింది.

"ఎవురన్నా ఏస్తాండారేమో" అంది అమ్మ.

"యాడిది తెచ్చి ఏస్తారు? వాళ్లకే ల్యాకపాయె" అన్నాడు నాన్న. అంటూ ఉండగానే ఆయన మొహం వెలిగింది. "ఇది సారెపతు."

సారెపతు అనే ఊళ్లో, కరువు రోజుల్లో, ఒక విధవరాలు తన దగ్గర మిగిలిన పట్టెడు పిండితో ఏలీయా ప్రవక్తకు రొట్టె చేసి పెట్టింది. మళ్లీ వానలు పడేదాకా ఆమె ఇంట్లో పిండి తరగలేదు. ఆ కథ మా వసారాలోనే జరుగుతోందంటే నాకు ఒళ్లు పులకరించింది. పులకరింత తగ్గాక, ఎట్లా జరుగుతోందో చూడాలనిపించింది. దేవుడు గింజను గింజలోంచి పుట్టిస్తున్నాడా, పైనుంచి పోస్తున్నాడా? పోస్తే చప్పుడు కావాలి కదా?

సాయంత్రం కుండలో గింజలను అరచేత్తో చదును చేసి, వేలితో సిలువ గీసి, మూత పెట్టేదాన్ని. పొద్దున బడికి పోయే ముందు చూస్తే సిలువ సగం పూడిపోయి ఉండేది. ఒకరోజు ఆ సిలువ మీద నల్లటి బొచ్చు కనిపించింది. గొర్రె బొచ్చు. చేత్తో నలిపి, వాసన చూసి మరీ నిశ్చయించుకున్నాను. మా ఇంట్లో గొర్రెలు లేవు, సంఘంలో ఎవరికీ లేవు. మరి ఎక్కడిది? ఇరవై మూడో కీర్తన గుర్తొచ్చింది. దేవుడు కాపరి. కాపరి చెయ్యి పెట్టిన చోట బొచ్చు రాలదా? ఇంత రుజువు మోషేకు కూడా దొరికి ఉండదని గర్వపడి, దాన్ని నా రిబ్బన్ కొసకు ముడి వేసుకున్నాను.

ఆ ఆదివారం కంచం ముందు రిబ్బన్ విప్పి చూపించాను. అమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. నాన్న నవ్వలేదు. బొచ్చు సంగతి పక్కన పెట్టి, కుండ సంగతి మాత్రం కనిపించినవాళ్లందరికీ చెప్పుకున్నాడు. అది పోను పోను కుప్పం దాకా పోయింది.

దేవుడి చెయ్యి నా కంటితో చూడాలని, సోమవారం తెల్లవారగానే తలుపు వెనక కూర్చున్నాను.

అప్పుడే పాలామె వచ్చింది. మా వీధి చివరన గొర్రెలు మేపే ఇంటి కోడలు ఆమె. ఒక బర్రె ఉండేది, ఆ పాలు మాకు పోసేది. పోసే తీరు ఊరికంతా తెలిసిందే. అమ్మ గిన్నె పట్టుకుంటే, ఆమె చెంబు ఎత్తి పైనుంచి ధారగా పోసేది. చెంబు మా గిన్నెకు తగలకూడదు. తగిలితే వాళ్ల అత్త ఆ చెంబును ఇంట్లోకి రానివ్వదు. ఆ రోజూ అట్లాగే పోసింది. అమ్మ పాలు కాచడానికి లోపలికి పోయింది. పాలామె అటూ ఇటూ చూసి, కుండ మూత తీసి, ఒడిలోంచి పిడికెడు రాగులు తీసి మణికట్టు దాకా చెయ్యి లోపలికి పెట్టింది. చప్పుడు కాకుండా వదలడం అంటే అది.

నేను తలుపు వెనక నుంచి లేచాను. ఆమె మొహం పాలిపోయింది.

"సూసినావా పాపా?" అంది మెల్లగా. "ఎవురికీ సెప్పొద్దు. నీకు పుణ్యముంటాది."

"యాల ఏస్తాండావు?" అన్నాను. నాకు కావలసింది ఎప్పుడూ అదొక్కటే.

"పోయినేడు నా బిడ్డకు జరమొస్తే మదనపల్లి ఆస్పత్రిలో పెట్టింటిమి. ఆడ గంజి పోస్తాండ్రి. వద్దు వద్దంటానే, ఆకలికి తాళల్యాక తాగేస్తి. ఈ కుండలో గింజల గంజేనంట." గొంతు ఇంకా తగ్గించింది. "ఈ పొద్దు నాలాంటిది ఇంగోటి ఆడ కూసోనుంటాది గదా. నేను ఆ గంజి తాగినానని మాయత్తకు తెలిస్తే నన్ను గడప తొక్కనీదు. నా బిడ్డనూ నన్నూ ఎలేస్తారు."

సెప్పను అన్నాను. ఆమె వెళ్లిపోయాక రిబ్బన్ ముడి విప్పి బొచ్చు వైపు చూశాను. పారేయడానికి మనసు రాక మళ్లీ ముడి వేసుకున్నాను.

ఆ మాట నిలబెట్టుకోవడం ఎంత కష్టమో ఆదివారం వచ్చిన కోత పండగ నాడు తెలిసింది. కరువైనా పండగ ఆగదు. గుమ్మడికాయలూ కోళ్లూ దేవుడి పేర తెచ్చి మా ప్రార్థన గుడి ముందు వేలం వేస్తారు. అది చూడటానికి వీధి వీధంతా వచ్చి ప్రహరీ గోడకు ఆనుకుని నిలబడేది. ఆ గోడ అవతల పాలామె ఉంది. పక్కనే వాళ్ల అత్త, నోట్లో ఆకువక్కతో. ప్రసంగానికి కుప్పం నుంచి పాదిరి అయ్యగారు వచ్చారు. కుండ సంగతి చెప్పి, నన్ను పిలిచి అందరి ముందూ నిలబెట్టారు.

"ఆ కుండను రోజూ చూసేది నువ్వే కదమ్మా. మనిషెవరైనా గింజలు వేస్తుంటే చూశావా?"

చూడలేదంటే అబద్ధ సాక్ష్యం, అది పలకొద్దని పది ఆజ్ఞల్లోనే ఉంది. చూశానంటే ఎవరినని అడుగుతారు. గోడ అవతల పాలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్న నా వైపు ఆశగా చూస్తున్నాడు. ఏమీ తోచక, నాకు చేతనైన ఒక్క పనే చేశాను. ఎదురు ప్రశ్న వేశాను.

"అయ్యగారూ, ఆ సారెపతు విధవరాలు మనోళ్లేనా?"

జనం నవ్వారు. అయ్యగారు నవ్వలేదు. మంచి ప్రశ్న అన్నారు. "కాదమ్మా. ఆమె సీదోను దేశపు మనిషి. మన దేవుణ్ణి ఎరగని జాతి. ఇశ్రాయేలులో ఇంతమంది విధవరాళ్లు ఉండగా దేవుడు ఆమె దగ్గరికే పంపాడు. ఆ మాట ప్రభువు తన సొంతూరు నజరేతులో అన్నందుకే కదా, ఊరివాళ్లు ఆయన్ను కొండ మీంచి తోసెయ్యబోయారు." ఇక అక్కడి నుంచి ఆయన నజరేతులోకి, నజరేతు నుంచి నయమాను అనే ఇంకో పరదేశి కథలోకి వెళ్లిపోయారు. నన్ను ఏం అడిగారో ఆయనకే గుర్తు లేదు. నేను మెల్లగా వచ్చి అమ్మ పక్కన కూర్చున్నాను.

కూర్చున్నాక ఆ మాట నాలో దిగింది. ఆ కథ ఎన్నిసార్లు చదివానో. ప్రతిసారీ పిండి ఎట్లా తరగలేదన్నదే చూశాను, ఆమె ఎవరని ఒక్కసారీ అడగలేదు. ఇన్ని ప్రశ్నలు వేసేదాన్ని, అది ఎట్లా వదిలేశానా అని ఆశ్చర్యపోయాను. గోడ వైపు చూశాను. పాలామె వేలం మర్చిపోయి, అయ్యగారి మాటలు వింటూ ఉంది. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

ఇంటికి నడుస్తూ అమ్మ నా రిబ్బన్ కొసనున్న బొచ్చును వేళ్ల మధ్య పట్టుకుని చూసింది. ఆ తర్వాత వీధి చివరి గొర్రెల ఇంటి వైపు చూసింది.

"రేపట్నించి పాలు నువ్వే పట్టు పాపా," అంది. "పొద్దున్నే నాకు లోపల పనుంటాది."

ఆ మధ్యాహ్నం నాన్న అడిగితే నా వంతు ఒక్క మాటలో ముగించాను. సీదోను అన్నాను. అది ప్రసంగంలోది, ఊళ్లో చూసింది చెప్పమన్నాడు నాన్న. ఆయన్ను అన్నం తినమంది అమ్మ.

తెల్లవారి గిన్నె పట్టుకుని గడపలో నిలబడ్డాను. పాలామె వచ్చింది. లోపల అమ్మ గట్టిగా కీర్తన పాడుకుంటోంది, తాను లోపలే ఉన్నానని తెలియాలన్నట్టు. పాలామె కాసేపు ఆ పాట విని, చెంబు వంచింది. ధార పైనుంచి మొదలై కిందికి, ఇంకా కిందికి దిగింది. చెంబు అంచు మా గిన్నె అంచుకు తగిలి టంగుమంది.

"తగిలినాదే" అన్నాను భయంగా.

"తగల్నీలే పాపా" అంది.