జడుపుకి కొట్టిన కొబ్బరికాయలు

మా ఊళ్లో నా మాటలకు పెద్ద విలువ లేదు. పులస చేప వీపెక్కి ధవళేశ్వరం దాకా వెళ్లొచ్చానని చెప్పినవాడిని మరి. అందుకే మేనకోడలి విషయంలో నేను కనిపెట్టిన సంగతిని ఎవరూ చెవిన పెట్టలేదు.

జాతర మైకు దగ్గర మొదలైన గొడవ రెండు వీధుల కొట్లాటగా మారిన సాయంత్రం, ఆ పిల్ల బడి నుంచి వస్తోంది. నాలుగో తరగతి. ఒక మనిషి తలపై కర్ర పడటం కళ్లారా చూసింది. ఆయన బతికాడు. వీధులు రాజీపడ్డాయి, పెద్దలు కలిసి భోజనాలు కూడా చేశారు. పిల్ల మాత్రం బడికి వెళ్లనంది.

"జడుసుకుంది అన్నయ్యా," అంటూ మా చెల్లెలు ప్రతి శుక్రవారం దాన్ని గుమ్మంలో నిలబెట్టి, దిష్టి తీసి కొబ్బరికాయ కొట్టేది. జడుపుకి మా ఇళ్లలో అదే మందు. నాకొకటి వింతగా తోచింది. గురువారానికి కాస్త తేరుకుని అన్నం తినే పిల్ల, శుక్రవారం రాత్రి మళ్లీ పక్క తడిపేస్తోంది. ఎందుకని? ఆ తర్వాతి శుక్రవారం పని మానుకుని అరుగు మీద కూర్చున్నాను. కాయ ఫట్‌మని పగిలింది. అందరూ కాయను చూశారు, నేను పిల్లను చూశాను. రెండు చేతులూ నడినెత్తిన పెట్టుకుని మంచం కిందకు దూరింది.

"ఆ చప్పుడేనమ్మా దాన్ని జడిపిస్తోంది. కాయ కొట్టడం మానెయ్."

"పులసెక్కి ఊరేగినోడివి, నువ్వు చెప్పొచ్చావా! దిష్టి దిగేటప్పుడు అలాగే గింజుకుంటారు."

నిజం పనిచేయలేదు. మర్నాడు మొహం గంభీరంగా పెట్టుకుని, పెద్దాపురం మరిడమ్మ తల్లి కలలోకి వచ్చిందన్నాను. బిడ్డ ముందు కాయ పగలగొట్టొద్దనీ, పసుపు రాసి నిండుకాయ చేతికివ్వమనీ చెప్పిందన్నాను.

"నాకు కనపడకుండా నీకెందుకు కనపడుద్ది?"

"నీ దగ్గరికే వచ్చిందంట. నీ గురకకి భయపడి ఇటొచ్చింది."

నమ్మింది. శుక్రవారం నిండుకాయ ఇచ్చింది. పిల్ల దాన్ని ఒళ్లో పెట్టుకుని నా పక్కకు జరిగింది.

"మావయ్యా, అమ్మవారు నిజంగా వచ్చిందా?"

"లేదమ్మా. నువ్వు జడుస్తున్నావని నేనే అల్లాను."

చాలాసేపు కాయను నిమురుతూ కూర్చుంది. "ఆయన తల కూడా అలాగే చప్పుడైంది," అంది. కొట్లాట గురించి అది నోరు విప్పడం అదే మొదలు.

సోమవారం బడికి వెళ్తానంది, తలుపు పక్క బెంచీ అయితేనే. మళ్లీ కొట్టుకుంటే పరిగెత్తాలట. టీచరుగారిని అడిగాను.

"ఎన్నాళ్లండీ?" అన్నారావిడ.

"తెలీదండీ."

ఆవిడే బెంచీని తలుపు దగ్గరికి లాగారు. పిల్ల కూర్చుంది. చెప్పులు మాత్రం విప్పనంది.