బావ కాలు లేచిన రోజు

పీహెచ్‌డీ అయ్యాక కూడా నా చదువు తెమల్లేదు. వెన్నుపాములోని నాడీకణాలు కాళ్లను ఎలా కదిలిస్తాయో ఎలుకల్లో చూడటం నా పని. బెంగళూరులో పోస్ట్‌డాక్; వచ్చే ఏడు ఉంటుందో ఊడుతుందో తెలియని కొలువు. కోరుట్లలో అక్క వాళ్ల వాడకట్టంతా నన్ను "డాక్టరమ్మ" అనేది. డాక్టర్నా, నా మొహమా! కాదని చెప్పీ చెప్పీ విసిగి ఊరుకున్నాను.

బావ సిరిసిల్లకు పోయి మరమగ్గం నడిపేవాడు; అవి ఆగిపోయాక దుబాయి వెళ్లాడు. కట్టడం పనిలో పైనుంచి పడి, వెన్ను విరిగి తిరిగొచ్చాడు. నడుము కింద స్పర్శ లేదు. ఇక అక్కే ఇంటిపనికి మస్కట్ పోదామని పాస్‌పోర్ట్ తీసుకుంది. వీసా వచ్చిన వారమే నాకు ఫోన్ చేసింది.

"చెల్లె, మీ బావ కాలు లేసిందే! తడిబట్టతోని అరికాలు తుడుస్తుంటె మోకాలు ముడుసుకున్నది. నేనింక మస్కట్ పోను. జల్ది రా!"

మర్నాడే వెళ్లాను.

వాకిట్లో చెప్పులే చెప్పులు. అక్క మురిసిపోతూ బావ అరికాలికి తడిబట్ట తాకించింది. కాలు చటుక్కున ముడుచుకుంది. "సూసిన్రా!" అంది. ముసలమ్మలు దండాలు పెట్టారు. బావ మాత్రం ఫ్యాన్ వైపు చూస్తూ పడుకున్నాడు.

జనం పోయాక ఆయనే అడిగాడు.

"మరదలా, అది లేసినట్టు నాకైతె తెలుస్తలేదు. మస్కట్ ఏజెంటుకు రేపు జవాబియ్యాలె. ఉన్నదున్నట్టు చెప్పు."

చెప్పాను. దెబ్బ తగిలిన చోటికి కింద మిగిలిన వెన్నుపాము తనంతట తానే కాలు ముడుస్తుందని, దానికి మెదడుతో పని లేదని, అది నడక వచ్చే గుర్తు కాదని. ఎన్నో సెమినార్లలో చెప్పిన మాటలే.

అక్క కస్సుమంది. "గిది చెప్పెటందుకేనా ఇన్నేండ్లు సదివింది? బాగుజేసుడు నేర్వకపోతివి!"

నాకూ కోపం వచ్చింది. ఆమె మీద కాదు, నా ఎలుకల మీద, నా మీద. "బాగుజేసుడు ఇంకా ఎవలకూ రాదక్కా" అన్నాను.

అక్క మస్కట్ వెళ్లింది. బావను వాళ్లమ్మ చూసుకుంటోంది. పని అయిపోయాక అక్క అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. మొన్న తిన్నావా అని కూడా అడగకుండా, మెల్లగా అంది.

"చెల్లె, నువ్ సదివింది తప్పు గూడ ఉండచ్చు గదా?"

నా చదువంతా తప్పైపోతే ఎంత బాగుండు అనిపించింది.

"ఉండచ్చక్కా" అన్నాను.