గడ్డికి కట్టిన చిక్కం

తాండూరు స్టేషను ముందర టాంగాలు నిలిచే చోట జంగప్ప ఎవరని అడిగితే బుర్ర గోక్కునేవాళ్లే ఎక్కువ. చిక్కం జంగప్ప అంటే మాత్రం నలుగురూ ఒకేసారి చెయ్యి చూపిస్తారు. వెక్కిరింతగా వచ్చిన పేరు అది. వచ్చింది వచ్చినట్టే అతుక్కుపోయింది.

నిజానికి జంగప్పది టాంగా తోలే ఇల్లు కాదు. పెద్దేముల్‌లో కౌలు భూమిలో కందులు, జొన్నలు పండించుకునే మనిషి, ఎద్దుల మధ్య పుట్టి ఎద్దుల మధ్య పెరిగినవాడు. ఒక వానాకాలం పశువులకు రోగం తగిలి, ఉన్న జత కాస్తా ఒకదాని వెనక ఒకటి పోయింది. ఎద్దుల్లేనివాడికి కౌలు ఎవరిస్తారు? సరిగ్గా అప్పుడే జాగీర్లు రద్దయ్యాయి. పరిగి దిక్కు ఒక జాగీర్దారు లాయం ఖాళీ చేస్తున్నాడని తెలిసి, పెళ్లాం నాగవ్వ వెండి కడియాలు అమ్మి, ఒక ఎర్ర గుర్రాన్నీ పాత టాంగానూ ఇంటికి తోలుకొచ్చాడు. ఆ గుర్రం పేరు బిజిలి. ఇక అదే వాళ్లకు పొలం, అదే పంట. అది పడిపోతే ఇల్లు పడిపోయినట్టే.

బిజిలి నడక మామూలే. తిండి మాత్రం చూసి తీరాల్సిందే. లాయంలో బోలెడు గుర్రాల మధ్య పెరిగింది కదా, వెనకబడితే పక్కది లాక్కుపోతుందన్న భయం దానికి వదల్లేదు. మోపెడు ఎండుగడ్డి ముందు పడేస్తే మూతి లోపలికి దూర్చి, నమిలీ నమలకుండా మింగేసి, కింద పడ్డ పోచలు కూడా ఊడ్చేసేది.

జంగప్పకు ఆ తిండి చూస్తే కడుపు నిండేది.

"సూసినవా నాగవ్వ, ఎంత తెలివి గల్లదో! బండి టైముకు గబగబ కడుపు నింపుకుంటది. ఎన్కసిరి నిమ్మళంగ నెమరేసుకుంటది."

ఆమె అనుమానంగా చూసింది. "ఇది నెమరేయంగ నేను ఒక్కనాడు సూడలే."

"జాగీర్దారు ఇంట్ల పెరిగింది. నలుగురు సూస్తుంటె నోరు ఆడిస్తదా?"

ఇంత గట్టిగా చెప్పాక ఎదురు చెప్పేదెవరు! ఎద్దు గబగబా మేసి, తర్వాత నీడన చేరి నెమరు వేసుకుంటుంది. గుర్రమూ గడ్డి తినేదే కాబట్టి అదీ అంతేనని అతని లెక్క. ఉన్న గడ్డంతా ఒకేసారి వేసి, బేరాల కోసం కేకలు వేసుకుంటూ నిశ్చింతగా ఉండేవాడు.

ఒక మధ్యాహ్నం స్టేషను ముందే బిజిలి ముందు కాళ్లతో నేల తవ్వింది. తల తిప్పి తన డొక్క వైపు తానే చూసుకుంది. జంగప్ప టాంగా నుంచి విప్పాడో లేదో, కూలబడి పొర్లడం మొదలుపెట్టింది. ఒళ్లంతా చెమట. తోటి టాంగావాళ్లు పరుగున పోయి పశువుల డాక్టరును పిలుచుకొచ్చారు.

డాక్టరు మందు పట్టించి, "ఏం పెట్టినవయ్యా?" అని అడిగాడు.

"గడ్డే సారు. దబదబ తింటది, మల్ల నెమరేసుకుంటది."

"గుర్రం నెమరేసుడేందయ్యా!" డాక్టరుకు నవ్వొచ్చింది గానీ, జంగప్ప మొహం చూసి ఆపుకున్నాడు. "ఎద్దుకు మల్ల నమిలే రాత ఉన్నది. గుర్రం నమిలేది ఒక్కపారే. నమలకుంట మింగితే కడుపుల అడ్డం పడ్తది. జరంత జరంత, పొద్దంత తినాలె అది. గీసారి బతికింది. ఇంకోపారి గిట్లయితే నా చేతుల లేదు."

ఆ సాయంత్రం దాకా బిజిలిని నడిపిస్తూనే ఉన్నాడు జంగప్ప. ప్రేమతో పెట్టిన తిండే దాని ప్రాణం మీదికి తెచ్చిందని తలుచుకుంటే అతనికి తల ఎత్తబుద్ధి కాలేదు.

మర్నాటి నుంచి గుప్పెడు గుప్పెడు వేయసాగాడు. కానీ బేరాలు చూసుకునే మనిషి రోజంతా గడ్డి అందిస్తూ కూర్చోగలడా? వేసిన గుప్పెడు రెప్పపాటులో మాయం. మళ్లీ నేల తవ్వుడు. చివరికి రైతు బుద్ధి ఎద్దుల దగ్గరికే పోయింది. కళ్లంలో గింజలు మేయకుండా ఎద్దుల మూతికి కట్టే తాళ్ల చిక్కం తెచ్చి, బిజిలి మూతికి బిగించాడు. అది మేత ముందే తల వేలాడేసుకుని నిలబడింది. పిలిస్తే చెవి కూడా తిప్పలేదు.

నాగవ్వకు మండింది. "నోరు కట్టేస్తె ఆకలి పోతదా? రేపు నీకూ కడ్త, సూస్త."

బిజిలి గుంజకు రాసి రాసి ఆ చిక్కాన్ని తెంపేసింది. ఇంకోటి అల్లక తప్పలేదు. నాగవ్వ జనపతాడు ముందేసుకుని అల్లుతూ, అల్లిక గుండ్రంగా కుదరాలని లోపల గడ్డి కుక్కింది. వెనక నుంచి ఒక ఎర్ర మూతి వచ్చి ఆమె చేతి మీదుగా వాలింది. కన్నాల్లోంచి ఒక పోచ లాగింది. నమిలింది. ఇంకో పోచ కోసం పెదవులతో వెతికింది. దొరికిందాన్ని మళ్లీ నమిలింది.

జంగప్ప దగ్గరికొచ్చి వంగి చూశాడు.

"మూతికి కాదయ్యా," అంది నాగవ్వ నెమ్మదిగా. "గడ్డికి కట్టాలె."

ఇద్దరూ కూర్చుని సంచంత చిక్కం అల్లారు. మొదట కన్నాలు మరీ చిన్నవై బిజిలి విసుక్కుని కాలు ఝాడించింది. విప్పి వెడల్పు చేశారు. కాళ్లకు చిక్కకుండా రొమ్మెత్తున వేలాడదీశారు. స్టేషను ముందర ఇక చూడాలి సంబరం.

"ఏం జంగప్పా, గడ్డి ఉరికిపోతదని కట్టేసినవా?"

అతనూ నవ్వేవాడు. కళ్లు మాత్రం గుర్రం మీదే ఉండేవి. బిజిలి తల కాస్త పక్కకు తిప్పితే చాలు, డొక్క చూసుకుంటోందేమోనని పరుగెత్తేవాడు.

ఊళ్లో జాతర రోజు వచ్చింది. వాడి జంక్షను నుంచి వచ్చే రైలు ఆలస్యమైంది. ఒక ముసలాయన మూటలు లోపలికి మోసి, ఆయన్ను రైలెక్కించి జంగప్ప బయటికొచ్చేసరికి బిజిలి తినడం లేదు. చిక్కంలో గడ్డి అలాగే ఉంది. గుర్రం కదలకుండా నిలబడి ఉంది.

కింద ఒక్క పోచ వదలని గుర్రం గడ్డి వదిలేసిందంటే ఏమనుకోవాలి? జంగప్ప పరుగున పోయి డొక్కకు చెవి ఆనించాడు. లోపల గుడగుడమని మంచి చప్పుడు. ఒంటి మీద చెమట లేదు. వెనక కాలొకటి వాల్చి, కింది పెదవి వేలాడేసి, బిజిలి హాయిగా కునుకు తీస్తోంది.

దానికి కడుపు నిండింది, అంతే. మిగిలిన గడ్డిని ఎవరూ లాక్కోరని దానికి ఇన్నాళ్లకు నమ్మకం కుదిరింది. జంగప్పకు కళ్లు నిండాయి. వెనక రైలు దిగిన జనం "టాంగా, టాంగా" అని తొందర పెడుతున్నారు.

"జర ఆగుండ్రి అయ్యా," అన్నాడు అతను గొంతు తగ్గించి. "నా బిడ్డ నిద్ర పోతున్నది."