ఉప్పునీళ్ళలో సబ్బు

డిగ్రీ కాలేజీలో పందొమ్మిదేళ్ళుగా కెమిస్ట్రీ చెబుతున్నాను. నూనె, నీళ్ళు ఎందుకు కలవవో, వాటి మధ్యకు సబ్బు చేరితే ఏమవుతుందో ఏటా ఒక వారం చెబుతాను. సబ్బు అణువుకు తలా తోకా ఉంటాయి. తలకు నీళ్ళంటే ఇష్టం, తోకకు నూనె అంటే ఇష్టం. అందుకని అది పూర్తిగా ఎటూ పోలేక సరిహద్దులోనే నిలబడుతుంది, తల నీళ్ళలో పెట్టి, తోక నూనెలో పెట్టి. అలాంటివి కోట్లకొద్దీ చేరేసరికి ఆ సరిహద్దు బిగువు సడలుతుంది. అప్పుడు గిలక్కొడితే నూనె సన్నటి బొట్లుగా చీలిపోతుంది. ప్రతి బొట్టు చుట్టూ సబ్బు కాపలా కాస్తుంది కాబట్టి అవి మళ్ళీ ఒకటి కావు, నీళ్ళు పాలలా తెల్లబడతాయి. నిద్రలో లేపి అడిగినా ఈ పాఠం అప్పజెబుతాను. ఆ ధీమాతోనే మా అక్క కొంప ముంచాను.

అక్కది అద్దంకి దగ్గర ఎకరం మిరప, కౌలు చేను. బావ పోయాక సేద్యమంతా తనే చూసుకుంటోంది. ఆ ఏడు పూత మీద నల్ల తామర పురుగు పడింది. నలుసంత ఉంటుంది, పువ్వులో దూరి రసం పీల్చేస్తుంది. పూత రాలితే కాయ లేదు, కాయ లేకపోతే ఏడాదంతా ఆమె ఆ చేలో వంగిన నడుముకు అర్థం లేదు. కొట్లో ఇచ్చిన మందులు రెండుసార్లు కొట్టింది. పురుగు తగ్గలేదు. ఎవరో వేపనూనె కొట్టమంటే గానుగ దగ్గర ముడి నూనె తెచ్చుకుని నాకు ఫోన్ చేసింది.

“ఒరేయ్, ఇది నీళ్ళల్లో కలవట్లేదురా. పైకి తేల్తా ఉంది. ఏం చెయ్యమంటావు?”

నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. నా చదువు మా ఇంట్లోవాళ్ళకు పనికిరావడం అదే మొదటిసారి. తలా తోకా కథ మొత్తం పది నిమిషాలు దంచాను. బట్టల సబ్బు తురిమి, బోరు నీళ్ళలో కరిగించి, అందులో నూనె పోసి బాగా గిలక్కొట్టమన్నాను.

“బోరు నీళ్ళల్లోనా?” అంది అక్క.

“నీళ్ళు నీళ్ళేగా అక్కా, ఏవైతే ఏం?” అన్నాను.

“సరేలే” అంది.

నేను వెళ్ళింది ఆ తరవాతి ఆదివారం. చర్చి నుంచి వచ్చాక ఇద్దరం చేలోకి నడిచాం. గట్టు మీద నుంచే కనిపించింది. చేను పొడుగునా అక్కడొక చాప, ఇక్కడొక చాప పరిచినట్టు ఆకు మాడి ఉంది. మధ్యలో మొక్కలు పచ్చగానే ఉన్నాయి, కానీ వాటి పువ్వు విప్పి చూస్తే పురుగు పురుగులాగే ఉంది.

ఏం జరిగిందో ఊహించడానికి నాకు రెండు నిమిషాలు పట్టలేదు. ఆ బోరులో నీళ్ళు ఉప్పునీళ్ళు, పాఠంలో మేం కఠిన జలం అనేవి. అందులోని సున్నం సబ్బు తలలను పట్టేసుకుంటుంది. సబ్బు విరిగి తెట్టులా తేలిపోతుంది, సరిహద్దులో నిలబడడానికి ఏమీ మిగలదు. నూనె చక్కగా పైకి చేరుతుంది. స్ప్రేయర్ ట్యాంకు అడుగు నుంచి పీలుస్తుంది కాబట్టి ముందు వట్టి నీళ్ళు పడ్డాయి, ఆఖరున చిక్కటి నూనె పడింది. ట్యాంకు ఎక్కడెక్కడ అయిపోయిందో అక్కడల్లా ఆకు మాడింది. ఈ సున్నం సంగతి కూడా నా పాఠంలో ఉంది. నూనె పాఠం కంటే ముందు పాఠం అది.

“సబ్బు విరిగిందా?” అని అడిగాను.

“విరగక? పెరుగు తరకల్లాగా తేలింది.”

“మరి నాకు చెప్పొచ్చుగా!”

“అది ఇరిగిద్దని నాకు ముందే తెలుసురా. ఆ నీళ్ళతో సబ్బు రుద్దుకుంటే జుట్టు జిగురు కట్టుద్ది, ఈ ఊళ్ళో చంటిపిల్లనడిగినా చెప్పుద్ది. తలకి కుంకుళ్ళేగా మేం వాడేది.”

“తెలిసి ఎందుకు కలిపావు?”

“చదువుకున్నోడివి, పది నిమిషాలు చెప్పావు. మందులో ఏదన్నా కిటుకు ఉంటదేమో, నాకేం తెలుసు అనుకున్నా.”

నాకు కోపం వచ్చింది. ఆమె మీద రావడానికి ఏ కారణమూ దొరకలేదు, అయినా కాసేపు ఆమె మీదే వచ్చింది.

అప్పటికే పొద్దున కుంకుడుకాయలు నానేసి ఉంచింది అక్క. ఎండ తగ్గాక గట్టు మీద కూర్చుని పిసికి, గుడ్డలో వడకట్టి, ఆ బోరు నీళ్ళలోనే పోసింది. కుంకుడు రసానికీ సబ్బులాగే నీళ్ళ కొస ఒకటి, నూనె కొస ఒకటి ఉంటాయి, సున్నం మాత్రం దాన్ని పట్టుకోలేదు. నేను నూనె సన్నగా వంచుతుంటే ఆమె కర్రతో గిలక్కొట్టింది. బక్కెట్ తెల్లబడింది. పావుగంట చూశాం, తేలలేదు. నేను ఒక్క ముక్క పాఠం చెప్పలేదు. అక్క ట్యాంకు నింపి, మూత మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుని ఎప్పటిలాగే ప్రార్థన చేసుకుంది.

పక్క చేను పెద్దాయన నీళ్ళు కట్టుకుని మా గట్టు మీదుగా వెళ్తూ ఆగాడు.

“ఏందమ్మాయ్, చేను అట్టా మాడింది? ఎవరు చెప్పారమ్మా నీకు ఆ నూనె?” అంటూ నా వంక చూశాడు.

అక్క కర్ర దులిపి పక్కన పెట్టింది. “మా తమ్ముడు సరిగ్గానే చెప్పాడు బాబాయ్. నాకే కలపడం రాక చెడగొట్టుకున్నా” అంది.

పెద్దాయన తలూపి, “చదువుకున్నాయన చెప్పినప్పుడన్నా బుర్ర పెట్టి వినాలి అమ్మాయ్” అని ఆమెను నాలుగు మాటలని వెళ్ళిపోయాడు.

నేను అక్కడే, చేతిలో నూనె డబ్బాతో నిలబడి ఉన్నాను. ఆయన గట్టు దిగి కనుమరుగయ్యేదాకా నోరు విప్పలేదు.