లెక్క సరిచూసిన రహమతుల్లా సాబ్

మెట్టుగూడ మలుపులో ఒక ఇస్త్రీ బండి ఉంది. పొద్దున పాలకోసం వెళ్ళేటప్పుడు దాని మీద గంజి పెట్టిన చీర పరిచి ఉంటే నా కాళ్ళు అక్కడే ఆగిపోతాయి. బొగ్గుల పెట్టె బట్ట మీద పడగానే ఉడికిన గంజీ, మాడబోయే నూలూ కలిసిన వాసన ఒకటి లేస్తుంది. ఇస్త్రీ అతను మొదట్లో నన్ను గిరాకీ అనుకుని బట్టలు ఏవని అడిగేవాడు. తర్వాత అడగడం మానేశాడు. ముసలాయనకు మతి చెడిందనుకుని ఉంటాడు, అనుకోనీ. మా చదువు రోజుల్లో అసలు డ్రాయింగు కాగితం మీద వేసేవాళ్ళం కాదు. గంజితో బిగించిన పలుచటి ట్రేసింగ్ బట్ట మీద నల్ల సిరాతో వేసేవాళ్ళం. ఎండాకాలం మధ్యాహ్నం చేతి చెమట తగిలితే ఆ బట్ట సరిగ్గా ఇదే వాసన కొట్టేది. ఆ వాసన వెనకే రహమతుల్లా సాబ్ గుర్తొస్తారు. ఆయన గుర్తొచ్చిన రోజు ఇంటికి తాళం తీసి లోపలికి వెళ్ళాలంటే నాకు మనసొప్పదు.

సాబ్ మాకు ఇంజినీరింగు చివరి ఏడాదిలో డిజైను చెప్పేవారు. ఖమ్మం వైపు కుటుంబం, ఇంట్లో మాట్లాడేది తెలుగే. పాఠం మాత్రం ఉర్దూలో చెప్పేవారు, ఎందుకంటే నిజాం రాజ్యంలో మా చదువంతా ఉర్దూలోనే సాగేది. భార్య పోయింది, పిల్లలు లేరు. మౌలాలి గుట్ట కింద పెంకుటింట్లో ఒక్కరే ఉండేవారు. మెడదాకా గుండీలు పెట్టిన నల్ల షేర్వానీ తప్ప ఇంకో బట్టలో ఆయన్ని నేను ఎరగను. నవ్వు పెదాల దాకా రాదు. కళ్ళ కింద ముడతలు కదిలితే నవ్వారని మేమే అర్థం చేసుకోవాలి.

చివరి ఏడాది ప్రాజెక్టు జట్లుగా చేయాలి. మిగతా మాస్టర్ల దగ్గర జట్టు అంటే పని పంచుకోవడం, ఎవడి ముక్క వాడు చేసి చివర్లో కలిపి కుట్టేయడం. సాబ్ దగ్గర అలా నడవదు. ఒకడు చేసిన లెక్కను జట్టులో ఇంకొకడు సరిచూడాలి. సరిచూడటం అంటే మొదటివాడి కాగితం ముందు పెట్టుకుని టిక్కులు కొట్టడం కాదు. ఆ కాగితం కంటపడకుండా వేరే గదిలో కూర్చుని, కొలతల దగ్గర్నుంచి మొత్తం మళ్ళీ చేయాలి. చివర్లో రెండు జవాబులూ పక్కపక్కన పెట్టాలి. కలిస్తేనే డ్రాయింగు మూలలో రెండు సంతకాలు పడేవి, చేసినవారిది ఒకటి, సరిచూసినవారిది ఒకటి. మాకు ఒళ్ళు మండిపోయేది. రెండింతల పని కదా. ఒకరోజు నేను ఉండబట్టలేక, "నా లెక్క నేనే ఇంకోసారి చూసుకుంటా గద సాబ్" అన్నాను.

"నీ కండ్లకు నువ్వంటే ఇష్టం బిడ్డా," అన్నారు. "అవి నీ తప్పు నీకు చూపియ్యయి."

మా జట్టులో ముగ్గురం. నేను, అన్వర్, మాధవ్. అన్వర్ మా పక్క వీధివాడే, మాధవ్ ఔరంగాబాదు నుంచి వచ్చి హాస్టల్లో ఉండేవాడు. మౌలాలి అవతల ఒక వాగు ఉండేది. వానాకాలంలో దాని అవతలి ఊళ్ళకు దారి తెగిపోయేది. దానిమీద చిన్న వంతెన డిజైను చేయడం మా ప్రాజెక్టు. వరద ఎంత ఎత్తు వస్తుందో తెలిస్తే గాని వంతెన ఎంత ఎత్తు కట్టాలో తెలియదు. వాగులోకి దిగి నిలబడ్డ పాత రాతిగోడ ఒకటి ఉంది. దానిమీద పెద్ద వరద వదిలిన మట్టిచార కనిపించేది. నేను గోడెక్కి చార దగ్గర టేపు పట్టుకున్నాను. మాధవ్ కింద ఇసుకలో రెండో కొస పట్టుకున్నాడు. నేను పైనుంచి అంకె అరిస్తే, ఒడ్డున అన్వర్ రాసుకున్నాడు. తర్వాత ముగ్గురం అక్కడే కూర్చుని అన్వర్ వాళ్ళమ్మ కట్టిచ్చిన రొట్టెలు తిన్నాం. మాధవ్ ఆవకాయ కారానికి కన్నీళ్ళు పెట్టుకుంటూ కూడా ఇంకా కావాలన్నాడు. ఆ రోజంత తేలికగా నేను మళ్ళీ ఎప్పుడూ లేను.

తర్వాత రోజులు పాడయ్యాయి. రజాకార్ల గొడవ పెరిగాక మాధవ్ వాళ్ళ నాన్న వచ్చి వాణ్ణి షోలాపూరు తీసుకుపోయాడు. వాడు చేయాల్సిన పునాదుల లెక్క సగంలో ఆగింది. అన్వర్, నేను దాన్ని పంచుకున్నాం. కాలేజీ మూతపడింది. పోలీస్ యాక్షన్ జరిగింది. బొల్లారం వైపు నుంచి మిలిటరీ లారీలు వస్తుంటే మా వీధిలో కొందరు దండలు పట్టుకుని పరుగెత్తారు, కొందరు తలుపులు వేసుకున్నారు. అన్వర్ వాళ్ళ తలుపు ఆ తర్వాత చాలా రోజులు సరిగ్గా తెరుచుకోలేదు. చలికాలంలో ఒక సాయంత్రం వాడు లెక్కల కాగితాలన్నీ తెచ్చి నా చేతిలో పెట్టాడు. "బొంబాయి పోతున్నం. ఆడికెల్లి కరాచీ అంటున్నడు మా అబ్బా," అన్నాడు. ఎప్పుడొస్తావని నేను అడగలేదు. అడిగితే ఇద్దరం ఏడ్చేవాళ్ళమని ఇద్దరికీ తెలుసు.

కాలేజీ మళ్ళీ తెరిచేసరికి సాబ్ లేరు. పై నుంచి కాగితం వచ్చింది, ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేశారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. ఆ రోజుల్లో అలా చాలామందికి కాగితాలు వచ్చాయి. డిజైనుకు బయటినుంచి కొత్త ప్రొఫెసరు వచ్చాడు. మంచివాడే, కాని తొందర మనిషి. చదువు ఇక ఇంగ్లీషులోకి మారుతుందనీ, ప్రాజెక్టు కూడా ఇంగ్లీషులోకి తిప్పి ఇవ్వాలనీ అన్నాడు. "జట్టులో ఎవరూ లేకపోతే ఒక్కడివే ఇచ్చేయవయ్యా. లేదంటే వచ్చే ఏడాది కొత్త జట్టులో చేరు," అన్నాడు. వచ్చే ఏడాది దాకా ఆగడానికి నాకు వీలెక్కడిది? ఆ ఎండాకాలంతో మా నాన్న రైల్వే నౌకరీ అయిపోతుంది. మేముంటున్న రైల్వే క్వార్టరు ఖాళీ చేయాలి. నేను పాసై పనిలో చేరకపోతే అమ్మా నాన్నా చెల్లెళ్ళతో ఎక్కడికి పోవాలో తెలియదు. పగలంతా అన్వర్ ఉర్దూ కాగితాలు ముందేసుకుని ఇంగ్లీషులోకి ఎత్తిరాసేవాణ్ణి. ఏదన్నా అనుమానం వస్తే అలవాటుగా పక్కకు తిరిగేవాణ్ణి. పక్కన ఎవరూ ఉండేవాళ్ళు కాదు.

ఒకరోజు ఉండలేక మౌలాలి వెళ్ళాను. సాబ్ గడ్డం మాసి ఉంది. షేర్వానీ మాత్రం మెడదాకా గుండీలు పెట్టుకునే ఉన్నారు, ఇంట్లో ఒక్కరే ఉండి కూడా.

"ఒక్కణ్ణే అయిపోయిన సాబ్," అన్నాను.

"నేను సుత," అన్నారు.

నాకు కూర్చోడానికి చాప పరిచారు. తర్వాత ఆయనే అన్నారు. "నౌకరి ఉన్నన్ని రోజులు నీ లెక్క నేను ముట్టరాదు. మార్కులేసేటోణ్ణి గద. ఇప్పుడు నాకు గా తక్లీఫ్ లేదు. మీ జట్టుల జాగ ఉన్నదా?"

ఉందన్నట్టు తల ఊపాను.

అప్పటినుంచి మధ్యాహ్నం రైలుకు మౌలాలి నుంచి మా ఇంటికి వచ్చేవారు. నేను ముందు గదిలో, ఆయన వెనక వసారాలో. వేరే గది ఉండాలన్న నియమం ఆయన మరిచిపోలేదు. నేను అన్వర్ కాగితాలు ఇవ్వబోతే చేయి వెనక్కి తీసుకున్నారు. మా అమ్మ ఆయనకు చాయ్ ఇచ్చేది, కాని విడిగా ఉంచిన ఒక కప్పులో. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టుండేది. ఆయన మాత్రం తాగి, తానే కడిగి, గోడ మీద బోర్లించి వెళ్ళేవారు. ఒక్కరోజు కూడా ముఖం మార్చుకోలేదు.

ఒకరోజు రైలు వేళ దాటినా రాలేదు. సాయంత్రానికి వచ్చారు. షేర్వానీ మోకాలి దగ్గర చిరిగింది, చేతులు గీరుకుపోయాయి.

"ఏమైంది సాబ్?"

"వాగు కాడికి పోయిన. కొలతల కాణ్ణుంచి షురూ చెయ్యాలె గద. గోడెక్కిన."

మా అమ్మ వసారాలోకి వచ్చేసింది. "గిదేం పని సాబ్? రోజులు మంచిగ లేవు. ఒక్కరే అటు పోతరా? ఎవలన్న ఏమన్న చేస్తే మాకు తెలుస్తదా?"

"ఎవ్వరు ఏమనలేదమ్మా. ఎవ్వరు లేకుండె," అన్నారు సాబ్.

నేను అడిగాను. "టేపు కింది కొస ఎవరు పట్టిండ్రు సాబ్?"

"రాయి పట్టింది," అన్నారు. టేపు కొసకు రాయి కట్టి గోడ మీదినుంచి జారవిడిచారట. కళ్ళ కింద ముడతలు కదిలాయి. నాకు మాత్రం నవ్వు రాలేదు. అంత వయసు మనిషి, మనిషి జాడ లేని వాగులో, టేపుకు రాయి కట్టుకుని ఒక్కడే గోడెక్కడం కళ్ళముందు కనిపించింది. అమ్మ ఆ రోజు కప్పు ఆయన చేతిలోంచి లాక్కుని తనే కడిగింది. మర్నాటినుంచి మా కప్పుల్లోనే ఇచ్చింది.

రెండు జవాబులూ పక్కపక్కన పెట్టిన రోజు వచ్చింది. కలవలేదు. నా వంతెన ఆయన వంతెనకన్నా బాగా పొట్టిగా ఉంది. మొదట్నుంచి వెతుక్కుంటూ వచ్చాం. నా ఇంగ్లీషు కాగితంలో వరద ఎత్తు పది అడుగులు. ఆయన కొలత పదిహేను. సాబ్ అప్పుడు మొదటిసారి అన్వర్ అసలు కాగితం చేతిలోకి తీసుకుని, ఆ అంకె మీద వేలు పెట్టారు. ఉర్దూలో సున్నా అంటే ఉత్త చుక్క. అయిదే గుండ్రంగా ఉంటుంది. నెలల తరబడి ఇంగ్లీషులో రాసీ రాసీ నా చేయి ఆ గుండ్రటి అయిదును సున్నాగా దించేసింది. పదిహేను అని గోడ మీదినుంచి అరిచింది నేనే. అయినా గుర్తు రాలేదు. మొదటి పెద్ద వానకే ఆ వంతెన మునిగేది, దానిమీద నడిచేవాళ్ళతో సహా.

తిట్టలేదు సాబ్. ఆ అంకె మీదినుంచి వేలు తీయలేదు. "పోరడు అయిదు మంచిగ రాస్తడు," అన్నారు. అన్వర్ ఊరు విడిచి వెళ్ళాక వాడి గురించి ఆయన అన్నది ఆ ఒక్క మాటే.

మళ్ళీ అంతా చేశాం. ఈసారి కలిసింది. బట్ట మీద డ్రాయింగు ఎక్కించి, మూలలో నా సంతకం పెట్టి, సరిచూసినవారి చోట ఆయన చేత పెట్టించాను. కొత్త ప్రొఫెసరు డ్రాయింగంతా మెచ్చుకుని, మూల దగ్గర ఆగాడు. "ఈయన ఇప్పుడు మన కాలేజీ మనిషి కాదు కదయ్యా. ఆ పేరు ఉంటే నేను తీసుకోలేను. తీసేసి పట్టుకురా," అన్నాడు. తీయను అని నోటిదాకా వచ్చింది. నాన్న నౌకరీ గుర్తొచ్చి మింగేశాను. ఇంటికొచ్చి సాబ్‌కు ఆ మూల చూపించాను. ఆయనకే అర్థమైంది. బ్లేడు అడిగి తీసుకుని, బట్ట చిరగకుండా సిరాను మెల్లగా గీకుతూ తన పేరు తానే తీశారు. నేను అటు తిరిగి నిలబడ్డాను.

"ఏడుస్తవెందుకు రా? పేరు పోతే పోయె. పదిహేను ఉన్నది గద," అన్నారు.

పాసయ్యాను. రోడ్లు భవనాల శాఖలో చేరాను. సాబ్ మౌలాలిలోనే ఒక కలప అడితిలో దుంగల ఘనపుటడుగులు లెక్కగట్టే పనిలో కుదిరారు. ఊళ్ళో ఉన్నప్పుడు వెళ్ళి కలిసేవాణ్ణి. చివరిసారి వెళ్ళినప్పుడు మంచం మీద ఉన్నారు, చూపు మందగించింది. కుశలం అడగగానే దిండు కిందనుంచి ఒక కాగితం తీసి నా చేతిలో పెట్టారు. అన్నీ దుంగల కొలతలు.

"జెర చూడు బిడ్డా. గిన్నేండ్ల సంది నా లెక్క ఎవ్వరు చూస్తలేరు."

కొలతలు మాత్రం వేరే కాగితం మీద దించుకుని, బయట అరుగు మీద కూర్చుని మొత్తం మొదటినుంచి చేశాను. లోపలికి వచ్చి రెండూ పక్కపక్కన పెట్టి చదివాను. ప్రతి దుంగా కలిసింది. ఆయన నా చేయి పట్టుకుని వదల్లేదు. ఆ వారమే పోయారు.

ఆ తర్వాత నౌకరీలో ఇంకొకరు వేరే గదిలో కూర్చుని మొదటినుంచి చేయని డిజైను ఒక్కటీ నా బల్ల దాటలేదు. వెనక నాది చాదస్తం అనేవాళ్ళు, నా ముందే అన్నవాళ్ళూ ఉన్నారు. దాంతో నాకు పేచీ లేదు. నా బాధ వేరు. ఇదంతా రాశానా, ఇందులో ఎక్కడ అయిదును సున్నా చేశానో నా కళ్ళు నాకు చూపించవు. ఆ గోడ, ఆ చార, వాగు ఒడ్డున రొట్టెలు, ఇవన్నీ నిజంగా ఇలాగే ఉన్నాయా అని అడగడానికి మాధవ్ లేడు. వాడు చనిపోయిన సంగతి నాకు ఏడాది తర్వాత తెలిసింది. అన్వర్ నుంచి ఒక్క కబురూ రాలేదు. సాబ్ లేరు. మా జట్టులో మిగిలినవాణ్ణి నేనే. చేసినవాడి సంతకం పెడుతున్నాను. రెండో సంతకం పెట్టేవాళ్ళు లేరు.